తప్పని తేలిన నమూనాలు మేమెందుకు చదవాలి మాస్టారూ?

ప్రశ్న: మాస్టారూ, నేను ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. కెమిస్ట్రీలో మొదటి పాఠమే పరమాణు నిర్మాణం. థామ్సన్ నమూనా చదివి, బొమ్మ గీసి, కింద 'లోపాలు' రాయాలి. తర్వాత రూథర్‌ఫర్డ్, దానికీ లోపాలు. ఆ తర్వాత బోర్, మళ్లీ లోపాలే. అన్నీ తప్పే అయినప్పుడు చివరిదొక్కటి చెబితే సరిపోదా? ఆ చివరిది కూడా రేపు తప్పని తేలదని నమ్మకం ఏమిటి? మా సార్‌ని అడిగితే "ఎంసెట్‌లో బిట్ వస్తుంది, చదువు" అన్నారు. మా తాతయ్యేమో ఇదంతా కణాదుడు ఎప్పుడో చెప్పేశాడంటారు. నాకు మాత్రం పేర్లూ సంవత్సరాలూ తారుమారైపోతున్నాయి. ఎలా చదవమంటారు?
– ఇంటర్ విద్యార్థిని, తెనాలి

సమాధానం: అమ్మాయ్, ముందు నా తప్పు ఒప్పుకుంటాను. ఈ పాఠం నేను ముప్పయ్యేళ్లకు పైగా చెప్పాను. మొదటి పదేళ్లూ మీ సార్‌లాగే చెప్పాను. బోర్డు మీద సున్నా చుట్టి, లోపల ప్లస్సులూ మైనస్సులూ చల్లి, కింద 'లోపాలు' అని రాసి గీత కొట్టేవాణ్ని. ఒక ఏడాది యూనిట్ టెస్టులో ఒక కుర్రాడు థామ్సన్ లోపాలు రూథర్‌ఫర్డ్‌కీ, రూథర్‌ఫర్డ్‌వి థామ్సన్‌కీ రాసేశాడు. ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేసి సున్నా పెట్టాను. ఇంటికెళ్లి ఆ పేపరు మళ్లీ చూస్తే సిగ్గేసింది. ప్రశ్న ఏమిటో చెప్పకుండా జవాబులు మాత్రం బట్టీ పట్టించాను. తారుమారు కాక ఏమవుతాయి?

అందుకని నీకు చెప్పేది ఒకటే. పుస్తకంలో పరమాణువు బొమ్మ ఉన్నచోట చెయ్యి అడ్డం పెట్టు. ముందు ప్రయోగం చదువు. ఆ మనిషి ఏ పరికరం ముందు కూర్చున్నాడు, కంటికి ఏం కనిపించింది, ఎంత లెక్క తేలింది, ఇవన్నీ చదివాక చెయ్యి తీసి బొమ్మ చూడు. ఆ రోజుకి చేతిలో ఉన్న లెక్కలన్నిటికీ సరిపోయిన జవాబు అదని తెలుస్తుంది. నువ్వు 'లోపం' అని బట్టీ పడుతున్నది ఆ తర్వాతివాళ్లకు దొరికిన కొత్త లెక్క.

థామ్సన్ దగ్గర మొదలుపెడదాం. గాజు గొట్టంలోంచి గాలి తీసేసి, రెండు చివరలకూ ఎక్కువ వోల్టేజి ఇస్తే కాథోడ్ (రుణ ధ్రువం) నుంచి కిరణాలు బయల్దేరతాయని అప్పటికే తెలుసు. అవి ఏమిటన్నదే గొడవ. 1883లో జర్మనీలో హైన్రిక్ హెర్ట్జ్ (రేడియో తరంగాలు పట్టిన ఆ హెర్ట్జే) ఆ కిరణాలను రెండు పలకల మధ్య విద్యుత్ క్షేత్రంలోంచి పంపాడు. ఆవేశం ఉంటే వంగాలి కదా? వంగలేదు. ఆవేశం లేదు, ఇవి కణాలు కావు అని తేల్చేశాడు. చూసినదాంట్లో తప్పు లేదు, నిజంగానే వంగలేదు. తప్పంతా పంపులో ఉంది. గొట్టంలో మిగిలిన కాస్త గాలినీ ఆ కిరణాలే అయాన్లుగా మార్చాయి. ఆ అయాన్లు పలకల దగ్గరికి చేరి క్షేత్రాన్ని చంపేశాయి. 1897లో కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలలో జె.జె. థామ్సన్ గాలిని ఇంకా బాగా తీసి చూస్తే కిరణం వంగింది.

ఎంత వంగిందో కొలిచి, ఆవేశానికీ ద్రవ్యరాశికీ నిష్పత్తి కట్టాడు. గొట్టంలో వాయువు మార్చాడు, కాథోడ్ లోహం మార్చాడు, నిష్పత్తి మాత్రం మారలేదు. పాఠంలో అసలు మాట ఇదే. ఏ పదార్థంలోంచి లాగినా అదే కణం వస్తోందంటే అది అన్నిటిలోనూ ఉన్న భాగమని అర్థం. పైగా అది హైడ్రోజన్ కన్నా వెయ్యి రెట్లకు పైగా తేలిక. ఈనాటి లెక్క ప్రకారం ప్రోటాన్‌లో 1,836వ వంతు. పగలదనుకున్న పరమాణువులోంచి ముక్క ఊడి చేతికొచ్చింది. అదే ఎలక్ట్రాన్.

ప్రాక్టికల్స్‌లో చేతులు వణికేవాళ్లకి ధైర్యం కోసం ఒక మాట. ఈ థామ్సన్ చేతిపనిలో ఎంత మొరటంటే, పరికరం ముట్టుకుంటే ఎక్కడ పగలగొడతాడోనని ల్యాబులో భయపడేవారు. గాజు ఊది ఆ గొట్టాలు చేసినవాడు ఆయన సహాయకుడు ఎబెనెజర్ ఎవరెట్.

ఇప్పుడు చెయ్యి తీసి బొమ్మ చూడు. మన పుస్తకాల్లో పుచ్చకాయ అంటారు చూశావా, అదే. రుణావేశపు ముక్కలున్నాయని తెలిసింది. పరమాణువు మొత్తానికి ఆవేశం లేదు కాబట్టి ధనావేశం కూడా ఎక్కడో ఉండాలి. ఎక్కడ? అది చెప్పే ప్రయోగం 1904 నాటికి ఒక్కటీ లేదు. తెలియనప్పుడు సమంగా పరిచి ఉందనుకోవడమే న్యాయం. గింజల్లా కదలకుండా ఉంటాయని కూడా ఆయన అనలేదు. ఎలక్ట్రాన్లు ఆ ధనావేశపు గోళం లోపల వలయాలుగా తిరుగుతుంటాయనుకున్నాడు. పుచ్చకాయ పోలిక పుస్తకాలు రాసేవాళ్లు తగిలించింది, మరీ మోటు పోలిక అని నా అభిప్రాయం.

ఇక మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ ప్రయోగశాల. ఈ ప్రయోగం దగ్గర కాసేపు ఆగాలి. నువ్వు పుస్తకంలో చూసే బొమ్మలో బంగారు రేకు చుట్టూ గుండ్రటి తెర, బాణం గుర్తులు ఉంటాయి. ఆ బొమ్మలో చీకటి ఉండదు, నిరీక్షణ ఉండదు. 1909లో హాన్స్ గైగర్, ఇరవయ్యేళ్ల విద్యార్థి ఎర్నెస్ట్ మార్స్‌డెన్ చేసిన పని ఎలాంటిదో ఊహించుకో. రేడియం నుంచి వచ్చే వాయువు నింపిన చిన్న గొట్టంలోంచి ధనావేశమున్న ఆల్ఫా కణాలు వస్తుంటాయి. ఎదురుగా లోహపు రేకు. జింక్ సల్ఫైడ్ పూసిన తెర మీద ఆల్ఫా కణం పడితే చిటుక్కున ఒక మెరుపు మెరుస్తుంది. ఎంత చిన్న మెరుపంటే, మైక్రోస్కోపు పెట్టుకుంటే తప్ప కనబడదు. అది కూడా ముందు దాదాపు అరగంట చిమ్మచీకట్లో కూర్చుని కళ్లు అలవాటు పడ్డాకే. కాసేపు లెక్కపెట్టగానే కళ్లు అలిసిపోతాయి, ఇంకొకరు కూర్చోవాలి. రూథర్‌ఫర్డ్ ఒకసారి ప్రయత్నించి, రెండు నిమిషాల్లో తిట్టుకుంటూ లేచిపోయానని, గైగర్ మాత్రం రాత్రంతా లెక్కపెట్టగల రాక్షసుడని ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. గైగర్ పేరు మీద కౌంటర్ ఎందుకు వచ్చిందో వేరే చెప్పాలా?

వాళ్లు చూస్తున్నదల్లా రేకులోంచి అవతలికి పోయే కణాలు ఎంత చెదురుతున్నాయని. చాలావరకు ఒకటి రెండు డిగ్రీలు. రూథర్‌ఫర్డ్ మార్స్‌డెన్‌తో, వెనక్కి ఏమైనా వస్తున్నాయేమో చూడమన్నాడు. వస్తాయని ఆయనకే నమ్మకం లేదు, కుర్రాడికి ఒక పని చెప్పాలి కాబట్టి చెప్పాడు. తెరకీ గొట్టానికీ మధ్య సీసం దిమ్మ అడ్డం పెట్టారు, నేరుగా ఒక్క కణం కూడా తెర మీద పడకుండా. అయినా మెరుపులు కనిపించాయి! బంగారం, సీసం, ప్లాటినం, వెండి, రాగి, ఇనుము, అల్యూమినియం, తగరం అన్నీ మార్చి చూశారు. ప్లాటినం మీద లెక్కగడితే సుమారు 8,000 కణాలకు ఒకటి వెనక్కి తిరిగొస్తోంది.

దీనికి రూథర్‌ఫర్డ్ చెప్పిన పోలిక నీ గైడులో ఉంటుంది, నేను మన గుంటూరు వైపు పోలిక చెబుతాను. పత్తి బోరెం ఉంది. దాంట్లోకి తుపాకీ పేల్చావు. గుండు అవతలి నుంచి దూసుకుపోవాలి. అలా పోతూనే ఉంది, ఎనిమిది వేలసార్లు. ఒక్కసారి మాత్రం గుండు తిరిగొచ్చి నీ పక్క గోడకు తగిలింది. అప్పుడు ఏమనుకుంటావు? బోరెం లోపల ఎవరో తూకం కోసం రాయి పెట్టారనుకుంటావు. బరువంతా పత్తిలో సమంగా లేదు, ఎక్కడో ఒక్కచోట గట్టిగా ఉంది, అందుకే చాలా గుళ్లకు అది తగలనే లేదు.

ఆల్ఫా కణం సెకనుకు 15,000 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతుంది. ఎలక్ట్రాన్ కన్నా 7,000 రెట్లకు పైగా బరువు. ఎలక్ట్రాన్ దాన్ని తిప్పలేదు. పలచగా పరిచిన ధనావేశమూ తిప్పలేదు. చిన్నచిన్న మలుపులన్నీ కలిసి ఒక పెద్ద మలుపు అయ్యాయేమో అంటావా? రూథర్‌ఫర్డ్ ఆ లెక్కా వేసి చూశాడు. అలా జరిగే అవకాశం లేనంత తక్కువ. ఒకే ఒక్క ఢీతో వెనక్కి తిరగాలి. దీనికి ఆయనకు రెండేళ్లు పట్టింది. 1911లో గాని ఆ బోరెంలో రాయి, అంటే కేంద్రకం, సంగతి అచ్చుకాలేదు. మెరుపు కనిపించగానే కేంద్రకం తట్టేసిందని మనం తరగతిలో చెప్పే కథలో ఆ రెండేళ్లూ ఉండవు.

ఆ వ్యాసంలో ఇంకో విశేషం ఉంది. మధ్యలో ఉన్న ఆవేశం ధనమా, రుణమా అన్నది ఆ లెక్క నుంచి తేలదు, దేనికైనా సూత్రం ఒకటే. ఆయన అది దాచలేదు. ఇలాంటి పరమాణువు నిలుస్తుందా, కూలుతుందా అన్న ప్రశ్న ఇప్పుడు పట్టించుకోనక్కర్లేదని కూడా స్వయంగా రాశాడు. అంటే నువ్వు 'రూథర్‌ఫర్డ్ నమూనా లోపం' అని రాస్తున్నది రూథర్‌ఫర్డ్‌కే తెలుసు! ఎలక్ట్రాన్ తిరుగుతూ కాంతిని వెదజల్లి, సెకనులో వందకోట్ల వంతు గడవకముందే కేంద్రకంలో పడిపోవాలని పాత భౌతికశాస్త్రం అంటుంది. ఆ తగువు తర్వాత తీర్చుకుందాం, ముందు మెరుపుల లెక్క సరిచూద్దాం అన్నాడు. 1913లో గైగర్, మార్స్‌డెన్ లక్షకు పైగా మెరుపులు లెక్కపెట్టి ఆ సూత్రాన్ని పరీక్షించారు. 5 డిగ్రీల దగ్గర పడే కణాలకూ 150 డిగ్రీల దగ్గర పడేవాటికీ సుమారు రెండున్నర లక్షల రెట్లు తేడా. సూత్రం అంత దూరమూ తప్పలేదు.

(పుస్తకంలో పరమాణువు కేంద్రకం కన్నా లక్ష రెట్లు పెద్దది అని ఉంటుంది. అది ఉజ్జాయింపు. బంగారానికైతే సుమారు ఇరవై వేల రెట్లు. కేంద్రకం రెండు మిల్లీమీటర్ల ఆవగింజ అనుకుంటే పరమాణువు అడ్డకొలత నలభై మీటర్లు. మీ కాలేజీ గ్రౌండులో ఆవగింజ పెట్టి ఒకసారి చూసుకో.)

బోర్ నమూనాకి బొమ్మ అక్కర్లేదు, కొన్ని అంకెలు చాలు. హైడ్రోజన్ కాంతిని విడదీస్తే ఇంద్రధనస్సులా అన్ని రంగులూ రావు. 656, 486, 434, 410 నానోమీటర్ల దగ్గర విడివిడి గీతలు వస్తాయి. వీటికి 1885లో స్విట్జర్లాండులో యోహాన్ బామర్ అనే ఆడపిల్లల బడి లెక్కల మాస్టారు ఒక సూత్రం కట్టాడు. ఎందుకలా వస్తాయో ఆయనకు తెలియదు, అంకెలు మాత్రం పడ్డాయి. 1913లో నీల్స్ బోర్ ఆ సూత్రం చూశాక కక్ష్యల శక్తికి మెట్లున్నాయని, మెట్టు దిగినప్పుడే కాంతి వస్తుందని రాశాడు. చదివిన రూథర్‌ఫర్డ్ సూటిగా అడిగాడు: ఎక్కడ ఆగాలో ఎలక్ట్రాన్‌కి ముందే తెలిసి ఉండాలి కదా, లేకపోతే ఏ రంగు కాంతి ఇవ్వాలో దానికెలా తెలుస్తుంది? పదిహేనేళ్ల తర్వాత అయినా సరే సుఖంగా జవాబు చెప్పుకోలేని ప్రశ్న అది.

మరి అంత అనుమానం ఉన్న నమూనాను జనం ఎందుకు నమ్మారు? నక్షత్రాల కాంతిలో కొన్ని గీతలుండేవి, హైడ్రోజన్‌వే అనుకున్నారు. కావు, ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న హీలియంవి అన్నాడు బోర్. అలాగైతే హీలియం గీతలకూ హైడ్రోజన్ గీతలకూ మధ్య ఒక నిష్పత్తి సరిగ్గా 4 రావాలి, నా కొలతలో 4.0016 వస్తోంది, నీ సిద్ధాంతం తప్పు అన్నాడు లండన్‌లోని ఆల్ఫ్రెడ్ ఫౌలర్. బోర్ మళ్లీ కూర్చున్నాడు. కేంద్రకం కదలకుండా ఉంటుందనుకున్నాను, నిజానికి అది కూడా కాస్త ఊగుతుంది, ఆ ఊగిసలాట కలిపితే 4.00163 వస్తుంది అన్నాడు. నాకు ఈ పాఠం మొత్తంలో ఇష్టమైన చోటు ఇది. పరీక్షలో రాదు కాబట్టి ఎవరూ చెప్పరు.

మిగతావి తొందరగా చెబుతాను. 1913, 14లలో హెన్రీ మోస్లీ మూలకాల ఎక్స్ కిరణాలు కొలిచి, ఆవర్తన పట్టికలో వరసను నిర్ణయించేది పరమాణు భారం కాదు, కేంద్రకంలోని ఆవేశమని చూపాడు. భారం ప్రకారం పెడితే నికెల్ ముందు, కోబాల్ట్ తర్వాత రావాలి. కోబాల్ట్ 27, నికెల్ 28 అని తేలింది. ఖాళీగా ఉన్న 43, 61, 75 గడులు కూడా చెప్పేశాడు. 1915 ఆగస్టులో గాలిపోలి యుద్ధంలో చనిపోయాడు, వయసు 27. న్యూట్రాన్ కథ ఇంకో రకం. 1932లో పారిస్‌లో జోలియో-క్యూరీ దంపతులు ఒక వింత కిరణం మైనం లోంచి ప్రోటాన్లను బయటికి తంతోందని చూశారు, అది గామా కిరణం అనుకున్నారు. అది చదివిన ఇంగ్లండు శాస్త్రవేత్త జేమ్స్ ఛాడ్విక్‌కి నమ్మకం కుదరలేదు. కేంబ్రిడ్జిలో రాత్రింబవళ్లు కూర్చుని కొన్ని రోజుల్లోనే అది ఆవేశం లేని కణమని తేల్చాడు. చూసినది ఒకటే, అర్థం చేసుకున్న తీరు వేరు. తప్పు నమూనా చేసే నష్టం ఏమిటో చెప్పమంటే నేను ఇదే చెబుతాను.

నీ రెండో ప్రశ్న: ఇప్పుడున్నది రేపు తప్పని తేలితే? బొమ్మ మారొచ్చు, ఇంతకు ముందు మారింది కూడా. ఎలక్ట్రాన్ కణమని చూపింది జె.జె. థామ్సన్. అదే ఎలక్ట్రాన్ పల్చటి లోహపు పొరలోంచి పోతూ తరంగంలా వలయాలు గీస్తుందని 1927లో చూపింది ఆయన కొడుకు జి.పి. థామ్సన్. తండ్రికి 1906లో, కొడుక్కి 1937లో నోబెల్ ఇచ్చారు. ఎవరిదీ వెనక్కి తీసుకోలేదు. కక్ష్య పోయి ఆర్బిటాల్ (ఎలక్ట్రాన్ ఉండే అవకాశం ఎక్కువున్న చోటు) వచ్చింది. కానీ బోర్ కట్టిన హైడ్రోజన్ శక్తి, మైనస్ 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు, అలాగే ఉంది. కొత్త క్వాంటం లెక్కలతో ఆల్ఫా కణాలు చెదిరే తీరును మొదటి నుంచి కట్టుకొస్తే మళ్లీ రూథర్‌ఫర్డ్ సూత్రమే వస్తుంది. ఈ రోజుకీ పల్చటి పొరల్లో ఏ మూలకం ఎంత లోతులో ఉందో కనుక్కోవడానికి ల్యాబుల్లో ఆ వెనక్కి తిరిగిన కణాలనే లెక్కపెడుతున్నారు. రేపు ఎవరు కొత్త నమూనా తెచ్చినా, ఈ అంకెలన్నీ అప్పజెప్పాకే వాళ్ల మాట వింటారు.

ఇక తాతయ్య. ఆయనతో వాదించకు. పరమాణువు అన్న మాటే కణాదుడి బాటలో నడిచిన వైశేషికులది. కిటికీలోంచి పడే ఎండలో తేలే నలుసును త్రసరేణువు అన్నారు, ముక్కలు చేసుకుంటూ పోతే ఎక్కడో ఆగాలి కదా అని తర్కించారు. మంచి ప్రశ్న. ఆ నలుసులో ఆరు పరమాణువులుంటాయని లెక్కగట్టారు. నిజానికి లక్షల కోట్లుంటాయి. ఆరుకీ లక్షల కోట్లకీ మధ్య ఉన్న దూరాన్ని దాటించింది తర్కం కాదు, గాజు గొట్టాలూ పంపులూ. ఆయన్ని ఇదే అడుగు, కోప్పడరు. అన్నట్టు పాఠంలో అణువు అంటే రెండో అంతకన్నా ఎక్కువో పరమాణువులు కలిసినది. పేపర్లో అణుబాంబు, అణువిద్యుత్తు అన్నచోట మాత్రం అది పరమాణువే. ఈ గందరగోళం మన భాషలో మనమే చేసుకున్నది, దానికి థామ్సన్‌ని తిట్టకు.

పరీక్షకు: నోట్సులో పరమాణువు బొమ్మలకు బదులు పరికరాల బొమ్మలు గీసుకో. ఒక్కో దాని కింద ఒకే అంకె రాయి. 'లోపాలు' అడిగితే ఏ ప్రయోగానికి ఆ నమూనా జవాబు చెప్పలేకపోయిందో రాయి, మార్కులు పోవు. సంవత్సరాలు నాలుగు చాలు: 1897, 1911, 1913, 1932. మిగతావి వాటి మధ్య సర్దుకుంటాయి.

చివరగా ఒక పని. 1914లో జేమ్స్ ఫ్రాంక్, గుస్తావ్ హెర్ట్జ్ (కిరణం వంగలేదన్న ఆ హెర్ట్జ్ తమ్ముడికొడుకు) పాదరసపు ఆవిరిలోంచి ఎలక్ట్రాన్లను పంపారు. ఎలక్ట్రాన్ శక్తి 4.9 ఎలక్ట్రాన్ వోల్టులకు చేరేదాకా పాదరసం దాన్ని పట్టించుకోలేదు. అక్కడికి చేరగానే మొత్తం లాగేసుకుని 254 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిగా వదిలింది. బోర్ చెప్పిన మెట్టు అదే. పాత ట్యూబ్‌లైటు గొట్టంలో జరిగేదీ అదే: ఎలక్ట్రాన్ పాదరసాన్ని కొడుతుంది, పాదరసం 254 దగ్గర కాంతినిస్తుంది, గాజు లోపల పూసిన తెల్లటి పొడి దాన్ని మనకు కనిపించే వెలుగుగా మారుస్తుంది. కొంచెం పాదరసపు అసలు రంగులు కూడా తప్పించుకుని బయటికొస్తాయి. రాత్రిపూట మిగతా దీపాలన్నీ ఆర్పి, ఒక పాత సీడీని ఏటవాలుగా పట్టుకుని, దూరం నుంచి దాంట్లో ట్యూబ్‌లైటు ప్రతిబింబం చూడు. రంగులు ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోకుండా ఆకుపచ్చ ఒకటి, నీలం ఒకటి విడిగా గీతల్లా నిలబడతాయి. అదే సీడీలో కొవ్వొత్తిని చూస్తే రంగులన్నీ తెగకుండా పారతాయి. ఎండలో మాత్రం చూడకు. ఎల్ఈడీ ట్యూబైతే ఆ గీతలు దొరకవు. మీ హాల్లో మార్చేసి ఉంటారు, తాతయ్య గదిలో పాతది ఇంకా ఉందేమో చూడు.